కొండకు వీపు తిప్పని మొక్కు

పొద్దున కోడలు ఇల్లు తుడిచే నీళ్ళలో నిమ్మగడ్డి నూనె రెండు చుక్కలు వేసింది. ఆ వాసనకు నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. వసారాలోకీ వంటింట్లోకీ ఊరికే తిరుగుతున్నాను.

పెరటాసి నెలలో, దసరా ముందు రోజుల్లో, మా కోట ఊరి పక్క సముద్రం ఒడ్డు పల్లెల వాళ్ళు తిరుమలకు నడిచిపోయేవాళ్ళు. రోజుల తరబడి నడక. అందులో ఒక పగలంతా కొండదోవ. నా చిన్నతనంలో ఒక ఏడు నాయన కంటికి పొర కమ్మింది. అది పోవాలని మా జేజి, నాయనను కన్నతల్లి, కొండ ఎక్కబోతూ మొక్కుకుంది: దర్శనం అయ్యేదాకా స్వామి కొండకు వీపు తిప్పనని. నేనూ, చేపలు పట్టే ఇంటి పిల్ల అయిన నా జతగత్తె పోలమ్మా ఆమె వెంట నడిచాం. వానకు తడిసిన నిమ్మగడ్డి మోకాళ్ళకు రాసుకుంటుంటే, ఆకు పొట్లంలోని పులిహోర నూనె మోచేతిదాకా కారుతుంటే, గోవిందనామాలకు కొండ బదులు పలుకుతుంటే, ఇద్దరం ఒక్క నిమిషం కుదురుగా నడవలేదు.

మధ్యాహ్నం అందరూ ఆగినప్పుడు సీతాఫలాల కోసం పొదల్లో దూరాం. తిని తలెత్తితే జనం లేరు, నామాలూ వినబడలేదు.

"ఏడవబాకమే," అంది పోలమ్మ. "మజ్జానం తిరిగినాక గాలి సముద్రం కాడ్నించే వస్తది. అది వీపుకు తగిలేటట్టు పోతే కొండమీదికే. మా నాయన పడవ ఇట్టనే తెస్తాడు."

నీళ్ళ మీద ఆ లెక్క తప్పేది కాదు. లోయలో గాలి బండలకు కొట్టుకుని ఎటుపడితే అటు మళ్ళుతుందని మాకేం తెలుసు? నడిచి నడిచి, మేం తొక్కలు పడేసిన చెట్టు కిందికే వచ్చాం. పొద్దు వాలుతోంది. జేజి మాకోసం వెనక్కి తిరిగితే నాయన కన్ను ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది.

ఇంతలో పైనుంచి రాళ్ళు దొర్లాయి. చూస్తే జేజి! మొహం కొండవైపు, వీపు మావైపు. కొమ్మలు పట్టుకుని, కాలితో వెనక రాయిని తడుముకుంటూ, నిచ్చెన దిగినట్టు దిగుతోంది.

"ఈడుండాం జేజీ!"

"ఉండేది సరే, నా ముందరికి రండే, దొంగముండల్లారా! ఇట్ట నిలబడి మిమ్మల్ని కొట్టేదానికి లేదు."

పోలమ్మ ఏడుస్తూనే కిసుక్కుమంది. ముందుకొచ్చి నిలబడితే జేజి మా తలలు తడిమింది. తరువాత అడిగింది, "నాకొక పండన్నా ఉంచినారా?"

ఆ ఏడే ఆసుపత్రిలో నాయన కంటి పొర తీశారు. డాక్టరుదేం లేదనేది జేజి.

ఆ కాలిదోవ ఇప్పుడు పొదల్లో కలిసిపోయింది. మావాళ్ళంతా వ్యాన్లలో పోతున్నారు. ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపుకూ వ్యాను కొండకు వీపు తిప్పుతుంది. నేను సీట్లో ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరుగుతాను.

"కుదురుగా కూర్చో జేజీ," అంటారు పిల్లలు.