ఏడవని పిల్లలకు స్టార్

సిద్దమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగాల్సిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు చదవడం రాదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నానేమోనని నా మీద నాకే అనుమానం.

మాది తణుకు. నేను బి.ఎడ్. చదివాను. ఈ రెండు ముక్కలూ ఎదుటివాళ్ళు అడక్కముందే చెప్పే జబ్బు నాకుండేది. మావారు జోగారావుగారికి మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం దొరికి తొంభై ఆరులో ఇటు వచ్చాం. అప్పటికి ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. బోర్లు ఎండేకొద్దీ తీగలు పీకేసి, హద్దురాళ్ళు పాతి, ప్లాట్లు చేస్తున్నారు. గౌడవెల్లి దారిలో సుధాకర్ రెడ్డిగారి తోట కూడా అలాగే పోయింది. మిగిలిన పెద్ద రేకుల షెడ్డులో, ఒకప్పుడు పళ్ళు పెట్టెలకెత్తిన చోట, ఆయన చిన్నపిల్లల కాన్వెంటు తెరిచారు. అందులో నేను ఎల్.కె.జి. టీచర్ని. ఆ తోటలోనే ఇరవై ఏళ్ళు కూలి చేసిన సిద్దమ్మ ఆయా అయింది.

ఆమెకు నాకంటే పదిహేనేళ్ళు ఎక్కువ. అయినా మొదటిరోజు నుంచీ "నువ్వు" అనే పిలిచాను. ఆమె నన్ను "టీచరమ్మా" అనేది. తోటలో ఆమె పని గుత్తుల్లో కాయలు పలచన చెయ్యడం. ఒత్తుగా పట్టిన గుత్తిలోంచి కొన్ని కాయల్ని కత్తెరతో తీసెయ్యాలి, పక్కకాయకు వేలు తగలకూడదు. తగిలితే పైనున్న తెల్లటి బూడిద చెరిగిపోయి కాయ ధర పడిపోతుందట. పిల్లల్ని కూడా ఆమె అలాగే ముట్టుకునేది. ఈ మాట అప్పుడు నాకు తోచలేదు, ఇప్పుడు తోచి ఏం లాభం.

జూన్ నెలలో మా షెడ్డు పక్కనుంచి వెళ్ళేవాళ్ళకు చెవులు చిల్లులు పడేవి. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా ఏడిస్తే రేకులు కూడా మోగుతాయి. నేను పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదాన్ని. నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం గీసిన చార్టు గోడకు తగిలించి, బెత్తంతో చూపించి చెప్పించేదాన్ని. "హ్యాపీ! సాడ్! యాంగ్రీ!" అని పిల్లలు అరిచేవాళ్ళు. చార్టు కింద కూర్చున్న పిల్లాడి ముక్కు కారుతుంటే మాత్రం, అది ఏ మొహమో నేను అడిగేదాన్ని కాదు.

సిద్దమ్మ పద్ధతి వేరు. ఏడ్చే పిల్లని వెనక పంపు దగ్గరికి తీసుకుపోయి, ఎదురుగా గొంతుక్కూర్చునేది. ఊరుకో అనేది కాదు. "యాడున్నది బిడ్డా?" అని అడిగేది.

మొదట్లో నాకర్థం కాలేదు. ఏదైనా వస్తువు పోయిందేమో అనుకున్నాను. కాదు, ఏడుపు ఒంట్లో ఎక్కడుందని అడుగుతోంది. పిల్లలు తడుముకోకుండా చూపించేవాళ్ళు. ఒకడు గొంతు, ఒకతె పొట్ట, ఇంకొకడు పిడికిలి.

"చేతులల్ల ఉన్నదా? అయితే గది గుస్స. చేతికి పనిజెప్పాలె" అని, ఆ కోపం తీరేలా తడిమట్టి ముద్ద ఇచ్చి పిసకమనేది. గొంతులో ఉందంటే, "అమ్మ యాదికొస్తాంది గదా, దాన్ని రంది అంటరు బిడ్డా. సిన్నగ నీళ్లు తాగు, జల్దీ జెయ్యకు" అనేది. పొట్టలో ఉంటే అది బుగులు. బుగులు పడ్డ పిల్ల పొట్టమీద అరచెయ్యి ఆనించి ఊరికే కూర్చునేది. భయం దానంతటది పోయేదాకా పక్కనే ఉండాలి తప్ప తరమకూడదట. ఒక నెల తిరిగేసరికి నాలుగేళ్ళ పిల్లలు పలకలు పక్కనపెట్టి, "ఆయమ్మా, నాకు రంది అయితాంది" అని తామే చెప్పుకునేవాళ్ళు.

"ఇవన్నీ నీకెవరు నేర్పారు?" అని ఒకసారి అడిగాను, కొంచెం వెటకారంగానే.

"మా ఇస్తారి" అంది. ఇస్తారి చచ్చిపోయిన ఆమె మొగుడు. "ఆనికి గుస్స చేతులల్ల ఉండేది టీచరమ్మా. సిన్నప్పుడే దానికి పనిజెప్పేటోళ్లు లేకపాయె. అది పెరిగి పెరిగి నా మీద పడ్డది."

నేను మాట మార్చాను. కాన్వెంటులో తెలుగు మాట్లాడటమే తప్పు, పైగా గుస్స, బుగులు అంటూ మాట్లాడితే పిల్లలు ఏమైపోతారని నా బెంగ. ఇంటికెళ్ళి మావారి దగ్గర ఆ మాటల్ని అనుకరించి నవ్వించాను కూడా.

తొంభై ఎనిమిది జూన్‌లో సుధాకర్ రెడ్డిగారు నన్ను పిలిచారు. "మేడమ్, గీ ఏడుపులు బయటికి ఇనబడుతున్నయి. అడ్మిషన్లకొచ్చినోళ్లు గేటుకాడికెల్లే మర్లిపోతున్నరు. ఏదన్న జెయ్యండి" అన్నారు.

చేశాను. బంగారు రంగు కాగితం కొని, స్టార్లు కత్తిరించాను. రోజంతా ఏడవకుండా, అలగకుండా ఉన్న పిల్లలకు సాయంత్రం గంట కొట్టేముందు నా చేత్తో యూనిఫాం మీద స్టార్ అంటించేదాన్ని. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడగనివాళ్ళకు పెట్టడం మొదలుపెట్టాను. పదిరోజుల్లో షెడ్డు నిశ్శబ్దమైపోయింది. తల్లిదండ్రులు ముక్కున వేలేసుకున్నారు. పట్నం వైపు సుచిత్ర చౌరస్తా నుంచి కూడా ఒకావిడ వచ్చి, "మీ క్లాసు చూసి వెళ్ళమన్నారండీ" అంది. నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఒక్క చిక్కు. పిల్లలు ఏడుపు మానలేదు, దాచుకున్నారు. దాచుకుని, నీళ్ళు తాగే వంకతో పంపు దగ్గరికి పోయి సిద్దమ్మ కొంగులో కక్కేసేవాళ్ళు. "ఎవ్వరికి జెప్పకు ఆయమ్మా, స్టార్ పోతది" అని ఆమె నోరు కట్టేసేవాళ్ళు. ఆమె నా దగ్గరికొచ్చి నెమ్మదిగానే చెప్పింది. "టీచరమ్మా, బయటికి రావాల్సినదాన్ని లోపలనే పెట్టి మూత బిగిస్తున్నం. మంచిగ లేదు."

నాకు ఒళ్ళు మండింది. వేలిముద్ర వేసే నిశాని నా పద్ధతిని తప్పుపట్టడమేమిటి! ఆ వారమే ఎవరో పెద్దమనిషి బిడ్డ అడ్మిషన్ కోసం వచ్చి, పంపు దగ్గర ముగ్గురు పిల్లలు వెక్కిళ్ళు పెట్టడం చూశాడు. సుధాకర్ రెడ్డిగారు నన్ను అడిగారు. నేను చెప్పిన వాక్యం నాకు అక్షరమక్షరం గుర్తుంది. "సార్, పిల్లలు నా దగ్గర ఏడవరు. ఆయమ్మ దగ్గరికెళ్తేనే ఏడుస్తున్నారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఆడలేదు. ఆ సోమవారం నుంచి సిద్దమ్మ రాలేదు.

భవిత మా గౌడవెల్లి పిల్ల. తల్లి జయమ్మ బట్టలు కుట్టేది. ఐదేళ్ళకే చెప్పినమాట వినే పిల్ల, నా క్లాసులో అందరికంటే ఎక్కువ స్టార్లు తనవే. వాటిని పీకి ఇంట్లో కుట్టుమిషను మీద వరసగా అంటించుకుందట. జనవరిలో ఒక మధ్యాహ్నం, అన్నాల విరామం తర్వాత క్లాసులోకి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. కుడిచెయ్యి సంచిలో పెట్టుకుంది. రాయమంటే రాయలేదు. తల వంచుకుంది. "సరే, నిద్రొస్తోందేమో" అనుకుని వదిలేశాను. మొహం పాలిపోయి ఉందని చూశాను కూడా. చూసి, ఏడవడం లేదు కదా అనుకున్నాను.

సాయంత్రం వరసలో నిలబెట్టాను. భవిత వంతు వచ్చింది. పెదవి కొరుక్కుంటోంది. నేను వంగి, జేబు మీద స్టార్ అంటించి, "గుడ్ గర్ల్! చూడండర్రా, భవిత ఎప్పుడైనా ఏడ్చిందా?" అన్నాను. అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

గేటు బయట జయమ్మ సంచి అందుకుంది. కెవ్వుమంది. సంచి అడుగంతా రక్తం. ఇనపగేటు మడతబందుల మధ్య మధ్యాహ్నమే పిల్ల వేళ్ళు నలిగాయి. నడిమివేలు కొస లేదు. అంతకుముందు ఆ గేటు దగ్గర విరామంలో నిలబడి కాసేది సిద్దమ్మే. రెండున్నర గంటలు, నా కళ్ళముందు, ఆ పిల్ల స్టార్ కోసం కూర్చుంది.

ఆస్పత్రిలో కుట్లు వేస్తున్నప్పుడూ ఏడవలేదు. డాక్టరుగారు బిత్తరపోయి నావైపు చూశారు. ఇంటికెళ్ళాక మాట మానేసింది. మూడోరోజు జయమ్మ పిల్లని ఎత్తుకుని సిద్దమ్మ ఇంటికి పోయింది. నేను వెనకాలే వెళ్ళి, లోపలికి పోయే మొహం లేక దడి బయట నిలబడ్డాను. "యాడున్నది బిడ్డా?" అన్న మాట వినిపించింది. చాలాసేపు ఏమీ లేదు. సిద్దమ్మ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత పిల్ల అందుకుంది చూడండి, గుక్కపట్టి, ఊరంతా వినేట్టు. నా జీవితంలో ఏ ఏడుపూ వినడానికి అంత హాయిగా అనిపించలేదు. నేను కూడా దడి పట్టుకుని ఏడ్చాను, ఎవరూ చూడకుండా.

స్టార్లు చించి పొయ్యిలో వేశాను. సుధాకర్ రెడ్డిగారు మాత్రం, "ఆయమ్మను మల్ల పిలుద్దమా మేడమ్?" అని అడిగారు. ఒక్క "ఊ" అంటే చాలు. కానీ ఆమె వస్తే, తనను ఎవరు తీయించారో తెలుస్తుంది కదా. "చూద్దాం సార్" అన్నాను. ఆ చూద్దాం ఏడేళ్ళు సాగింది. ఆమె ఆ ఏడేళ్ళూ కోళ్ళఫారంలో పనిచేసింది. తిలాపాపం తలా పిడికెడని పంచేద్దామని చాలాసార్లు చూశాను. సార్‌కి కొంత, తల్లిదండ్రులకు కొంత, గేటుకు కొంత. పంచగా పంచగా నా పిడికిలి మాత్రం ఖాళీ కాలేదు.

రెండువేల ఆరు జనవరిలో శామీర్‌పేటలో టీచర్లకు శిక్షణ పెట్టారు. చిన్నపిల్లల కోపతాపాల గురించి అనుభవమున్నవాళ్ళు మాట్లాడాలన్నారు. లేచాను. ఏడుపు ఒంట్లో ఎక్కడుందో పిల్లనే అడగాలన్నాను, దానికి పేరు పెట్టి చెప్పాలన్నాను, చేతిలో ఉన్నదానికి మట్టిముద్ద ఇవ్వాలన్నాను. హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు, సర్టిఫికెట్టు ఇచ్చారు. ఒకమ్మాయి, "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్?" అంది.

"అనుభవం" అన్నాను.

ఆ మాట అన్నాక ఇంకక్కడ నిలబడలేకపోయాను. సర్టిఫికెట్టు చుట్టచుట్టి పట్టుకుని బస్సెక్కి, మేడ్చల్‌లో దిగి, ఆటోలో నేరుగా గౌడవెల్లి వెళ్ళాను. సిద్దమ్మ వాకిట్లో కాయలతో ఉన్న కందికట్టె ఎండబెట్టుకుంటోంది. నన్ను చూసి, "కూసో టీచరమ్మా, మంచిగున్నవా?" అంది. నీళ్ళిచ్చింది. తాగకుండానే చెప్పేశాను. సార్‌తో అన్న వాక్యం, మళ్ళీ పిలుద్దామంటే "చూద్దాం" అన్నది, ఇవ్వాళ శాలువా కప్పించుకున్నది, అన్నీ. నా పక్షాన ఒక్క మాట కలపలేదు. కలపబుద్ధయింది, నాలుక కొరుక్కున్నాను. చివర, "మీరు నన్ను క్షమించాలి సిద్దమ్మగారూ" అన్నాను. సర్టిఫికెట్టు ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె దాన్ని తీసి నేలమీద పెట్టింది, గాలికి పోకుండా పైన నీళ్ళ చెంబు పెట్టింది. చాలాసేపు నన్ను చూసింది. పిల్లలు ఆ చూపు ముందు ఎందుకు నిజం చెప్పేవాళ్ళో తెలిసింది.

"రెడ్డిసారే తీసేసిండనుకున్న" అంది. తర్వాత తన చేతులకేసి చూసుకుంది. "గుస్స అయితాంది టీచరమ్మా. మస్తు అయితాంది. చేతులల్లకొచ్చింది. నువ్వు గీడనే కూసో, మాట్లాడకు."

లేచి, కర్ర తీసుకుని, కందికట్టె కొట్టడం మొదలుపెట్టింది. దెబ్బదెబ్బకూ గింజలు ఎగిరి నా చీర మీద పడ్డాయి. నేను కూర్చున్నాను. క్షమించానంటుందని, కళ్ళు తుడుచుకుని హాయిగా ఇంటికి పోదామని వచ్చాను కదా. నేను కూడా స్టార్ కోసమే వచ్చానని ఆ వాకిట్లో అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

కట్టె అంతా అయిపోయింది. ఆమె చెమట తుడుచుకుని నా పక్కన కూలబడింది.

"పోయిందా?" అన్నాను.

"లేదు. ఉన్నది. ఇయ్యాల పొయ్యేటట్టు లేదు. నువ్వు పో. మల్ల రా."

మళ్ళీ వెళ్ళాను. శామీర్‌పేటలో శిక్షణ పెట్టినవాళ్ళకు ఉత్తరం రాసి, ఆ పద్ధతి ఎవరిదో పేరుతో సహా చెప్పి, తర్వాతి శిక్షణకు ఆమెను పిలిపించాను. వచ్చి, మట్టిముద్ద చేతపట్టుకుని పది మాటలు చెప్పి, శాలువా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. భవిత ఇప్పుడు ఏడో తరగతి, పెన్ను ఉంగరంవేలితో ఆనించి రాస్తుంది, కోపమొస్తే ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తుందని జయమ్మ గొణుగుతుంది. నేను నెలకోసారైనా సిద్దమ్మ ఇంటికి పోతాను. కూర్చోబెడుతుంది, అటుకులు పెడుతుంది, కోళ్ళఫారం కబుర్లు చెబుతుంది. లేచేముందు, పోయిందా అని అడుగుతాను.

ఆమె కళ్ళు మూసుకుని, తనలో తాను వెతుక్కుని, నిజం చెబుతుంది. "కొంచెం ఉన్నది టీచరమ్మా."