నీలికోడికి శుద్ధరక్తం లేదు

కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలం. ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఒక దాణా కంపెనీలో నేను గుమస్తాను. శుక్రవారాలు ఊరి శివారులోని ఖర్జూరపు తోటకు భోజనానికి వెళ్లేవాణ్ణి. తోట యజమానికి, అంటే అక్కడందరూ అర్బాబ్ అనే అరబ్బుకు, నీలం కోళ్ల పిచ్చి. నీలమంటే ఆకాశనీలం కాదు, వానమబ్బు రంగు. వాటిని సాకేది జగిత్యాల వైపు పెద్దాయన. ఆయన మీద సూపర్‌వైజర్ మా కోస్తావాడే. పరిచయమైన రెండో నిమిషంలో నా ఇంటిపేరు అడిగి, దాన్నిబట్టి కులం తేలక, నాకు కులమూ దేవుడూ లేవని నేనంటే ఆ పూటంతా మథనపడ్డ మహానుభావుడు.

ఈయనగారి సిద్ధాంతం ఒకటే: నీలానికి నీలాన్నే కట్టాలి. పిల్లల్లో నల్లవీ, తెల్లటి ఒంటిమీద మచ్చలున్నవీ వస్తే అవి కల్తీ. కాస్త పెరగగానే వాటిని బిర్యానీలోకి పంపాలి. ఎన్నిసార్లు పొదిగించినా సగం కల్తీయే! కోళ్లు తెగుతున్నాయి గానీ సిద్ధాంతానికి గాటు పడలేదు. తప్పంతా పెద్దాయనదట.

"గూళ్లు సరిగ్గా మూయట్లేదయ్యా నువ్వు. నల్లపుంజు దూరుతోంది."

"నల్లపుంజు తాళంల ఉన్నది సార్. చెవి మీ జేబుల ఉన్నది."

మళ్లీ ఇలాగే జరిగితే పెద్దాయన వీసా రద్దని అర్బాబ్ తేల్చేశాడు. అరవైకి దగ్గరైన మనిషికి ఇంకో వీసా ఎవడిస్తాడు?

నేను పళ్లెం పక్కకు జరిపి చెప్పాను. ఈ రంగుకు ప్రతి కోడిలో రెండు వాటాలుంటాయి, తండ్రిదొకటి, తల్లిదొకటి. రెండూ నలుపువైతే నల్లది. రెండూ నలుపును పలచన చేసేవైతే మచ్చలది. అదొకటి, ఇదొకటి కలిస్తేనే నీలం. నీలమంటేనే కలగలుపు. నల్లపుంజునూ మచ్చల పెట్టనూ జతకట్టండి, ప్రతి పిల్లా నీలమే.

సూపర్‌వైజర్ పగలబడి నవ్వాడు. "కల్తీకి కల్తీ కలిపితే జాతి పుడుతుందా గురువుగారూ? మీ నాస్తికం మనుషుల దగ్గర చూపించండి, కోళ్ల దగ్గర కాదు."

పెద్దాయన నవ్వలేదు. కోతకు గంప కింద పెట్టిన మూడు మచ్చల పెట్టలను బయటికి తీశాడు. "నేను కోయ సార్ వీటిని. పోతే నా నౌకరేగద పోయేది."

"నష్టమొస్తే బాధ్యత నాదే" అని పెద్దాయన చేత సంతకం పెట్టించుకుని మరీ సూపర్‌వైజర్ తాళంచెవి ఇచ్చాడు. శుద్ధరక్తాన్ని నమ్మేవాళ్ల ధైర్యం ఎప్పుడూ ఇంతే, పక్కవాడి మెడ మీద నిలబడుతుంది.

పెట్టల్లో అంతకుముందు కలిసిన పుంజు ప్రభావం పోవాలని మొదటి రెండు వారాల గుడ్లు పక్కన పెట్టించాను. తర్వాతి గుడ్లు యంత్రంలో పెట్టిన ఇరవై ఒకటో రోజున పిల్లలు లేచాయి. ఒక్క నల్లది లేదు, ఒక్క మచ్చలది లేదు. అర్బాబ్ "జేన్, జేన్" అని అరబ్బీలో మెచ్చుకుంటూ పెద్దాయన భుజం తట్టి, వీసా పొడిగించమన్నాడు. సూపర్‌వైజర్ ముందుకొచ్చి, తన కృషి వల్ల రక్తం చివరికి శుద్ధి అయిందని హిందీలో విన్నవించాడు. అర్బాబ్ వెళ్లగానే పెద్దాయనకు హుకుం జారీ చేశాడు: "ఇక ఆ మచ్చలవాటిని కోసెయ్. నీలానికి నీలాన్నే కట్టు."

"సరే సార్," అన్నాడు పెద్దాయన.

మచ్చల పెట్టలు తోట చివరి పాత గూటికి మారాయి. శుక్రవారం బిర్యానీలోకి, ఇక జతకు పనికిరాని ముసలి నీలం పుంజు వెళ్లింది.

"ఎట్లున్నది సార్?" అని వడ్డిస్తూ అడిగాడు పెద్దాయన.

సూపర్‌వైజర్ ఎముక చీకుతూ అన్నాడు: "కల్తీదైనా రుచిగానే ఉందయ్యా."