కదిరమ్మ గూట్లో మిషను

ఈశ్వరికి కోపం ముక్కు మీదే ఉంటుందని ముదిగుబ్బ చుట్టుపక్కల ప్రతి మేస్త్రీకీ తెలుసు. సెంట్రింగు వదులుగా ఉంటే తిడుతుంది, గోడకు నీళ్లు పట్టకపోతే తిడుతుంది. పడమటి గోడకు నీడ లేకపోతే మాత్రం తిట్టదు, మాట్లాడటమే మానేస్తుంది. అది తిట్టుకంటే ఘోరం. గొర్రెలు కాచుకునే బాలప్ప కూతురికి ఇంత పొగరెక్కడిదని అడిగేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. అడగనీ. ఆ పొగరు ఎక్కడ పుట్టిందో వాళ్లకేం తెలుసు?

ఇంటర్ చదివేటప్పుడు ఆమె అనంతపురంలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేది. పై అంతస్తు, నెత్తిన ఉత్త స్లాబు. మార్చి వచ్చిందంటే ఫ్యాను వేస్తే వేడిగాలి, వేయకపోతే ఉడుకు. పిల్లలు బకెట్లతో నీళ్లు మోసి గచ్చు మీద పోసుకుని, తడిగుడ్డలు కప్పుకుని చదువుకునేవాళ్లు. పక్క మంచం ఎలిజబెత్‌ది. క్లాసులో మొదటి మార్కు ఆ పిల్లదే. రోజుల తరబడి నిద్ర లేక, లెక్కల పరీక్షనాడు హాల్లోనే కళ్లు తిరిగి పడిపోయింది. మళ్లీ రాయొచ్చని లెక్చరర్లు చెప్పినా ఇంట్లోవాళ్లు ఆగలేదు. ఆ ఎండాకాలంలోనే గోరంట్లకు పెళ్లి చేసి పంపేశారు. హాస్టల్ వాళ్లు ఆ మంచం మీదికి ఇంకో పిల్లను తెచ్చుకున్నారు. ఎలిజబెత్ చదువు పాడుచేసింది ఎండ కాదు, ఆ కొంప కట్టినవాడి నిర్లక్ష్యమని ఈశ్వరి అప్పుడే తేల్చేసుకుంది. ఆ మాట మీద నుంచి ఆమెను ఇంతవరకు ఎవరూ కదపలేకపోయారు.

సివిల్ ఇంజనీరింగు చదివింది. కొన్నేళ్లు కట్టుబడి పనుల దగ్గర సూపర్‌వైజరుగా ఎండలో నిలబడింది. అక్కడ ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఇంటిని చల్లగా ఉంచే పనులన్నీ, అంటే పైకప్పు మీద వేసే పొర, కిటికీల మీద నీడ, పడమట వరండా, ఇవన్నీ ఆఖరున పెట్టుకుంటారు. ఆఖరుకు వచ్చేసరికి అందరికీ ఓపిక అయిపోతుంది. "తర్వాత చూద్దాంలే" అంటారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. దాని బదులు ఏసీ వస్తుంది, దానికి కరెంటు పోసి సాకడం ఇంటివాళ్ల ఖర్మ అవుతుంది. ఏ పని ఏ వరసలో చేస్తే కట్టడం ఎంత కరెంటు తింటుందో తేల్చాలని, అనంతపురంలో ఒక కాలేజీలో పరిశోధనకు చేరింది. పని వదల్లేదు, చదువూ వదల్లేదు.

అలాంటి సమయంలో ముదిగుబ్బలో ఆడపిల్లల హాస్టలు కట్టాలని ఒక ట్రస్టువాళ్లు పూనుకున్నారు. ట్రస్టు పెద్ద రామాంజనేయులు శెట్టి, బట్టల వ్యాపారి. ప్లాను గీసింది ఆయన కొడుకు భరత్‌కుమార్. వీధి వైపున్న పడమటి ముఖమంతా అద్దాలు, లోపల ఆఫీసు గదికి ఏసీ, పిల్లల గదుల మీద ఉత్త స్లాబు. పని చూడమని ఈశ్వరిని పెట్టుకున్నారు. ఆ ప్లాను చూడగానే ఆమెకు ఒళ్లు మండింది. స్లాబు మీద మందంగా మట్టి, దాని మీద తెల్ల పెంకుముక్కలు పరచాలని, అద్దాల చోట వరండా వేయాలని పట్టుబట్టింది.

"మట్టి బరువుకి ఎంత కమ్మీ ఎక్కువ పడతాదో తెలుసునా?" అన్నాడు కాంట్రాక్టరు లక్ష్మీపతి.

శెట్టి మాత్రం న్యాయంగానే మాట్లాడాడు. "మన్ను కింద చల్లగా ఉంటాదని నువ్వు చూపించమ్మా. చూపిస్తే చేద్దాం."

చూపించడానికి ఆమె సొంతూరినే ఎంచుకుంది. అక్కడ ఆమెకు అత్త వరస అయ్యే కదిరమ్మది పాతకాలపు మట్టి మిద్దె, అంటే పైకప్పు మీదంతా మన్నే. ఏటా వానలకు ముందు పైన నీళ్లు దిగనివ్వని చౌడుమట్టి పోసి తొక్కుతుంది. ఆ గోడకు ఆనుకునే కొడుకు ఓబులేష్ కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. రెండిళ్లకూ ఒకే ఎండ, ఒకే గాలి. గదిలో వేడిని తనంతట తానే రాసుకునే చిన్న మిషను ఒకటి ఆ ఇంట్లో, ఒకటి ఈ ఇంట్లో గోడకు తగిలించి, ఎవరూ ముట్టొద్దని చెప్పి పోయింది. ఎండాకాలం ముదిరాక వచ్చి రెంటినీ తీసుకుపోయి, లెక్కల గీతలు నేరుగా ట్రస్టు మీటింగులో ప్రొజెక్టరుతో గోడ మీద వేసి చూపించింది.

చూపించి, గోడకు దగ్గరగా పోయి మళ్లీ చూసింది. ఓబులేష్ ఇంటి గీత పగలంతా పైకి పోయి, చీకటి పడ్డాక దిగుతోంది. కదిరమ్మ మిద్దె గీత పగలు బుద్ధిగానే ఉండి, దీపాల వేళకు ఒక్కసారిగా ఎగిరి స్లాబు ఇంటిని దాటిపోతోంది. ఒకనాడు కాదు, రోజూ అంతే.

"మీ మట్టి మిద్దె సాయంత్రానికి కుంపటి అవుతాంది గదా మేడం!" అని భరత్‌కుమార్ పడీపడీ నవ్వాడు. లక్ష్మీపతి ఫోను తీసి సిమెంటు లోడుకు చెప్పేశాడు.

ఈశ్వరి మిషను చేతిలోకి తీసుకుని చూసింది. వెనకవైపు నూనె జిడ్డు, సందుల్లో కుంకుమ. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఆ పూటే బస్సెక్కి కదిరమ్మ ముందు నిలబడింది.

"అత్తా, దీన్ని యాడ పెట్టినావు?"

"యాడ పెడతారు? దేవుని గూట్లో పెట్టినా."

"గోడకు తగిలించి ముట్టొద్దన్నా గదా!"

"ఆ మేకు కింద నా చెప్పులుంటాయి, అమ్మీ. సూర్యుణ్ణి కొలిచేదని చెప్పి పోతివి. సూర్యుణ్ణి చెప్పుల పైన వేలాడేస్తారా ఎవరన్నా? గూట్లో పెట్టి, దినామూ దీపం పెట్టి మొక్కినా. నువ్వొస్తాండావని తెలిసి, తుడిచి మళ్లీ మేకుకు తగిలించినా. ఏం, తప్పా?"

ఈశ్వరి నవ్వాలో ఏడవాలో తెలియక అరుగు మీద కూలబడింది. వచ్చి చూసిపోకపోవడం తన తప్పేనని తిట్టుకుంది.

కాలేజీలో గైడు సులువైన దారి చెప్పాడు. దీపం వెలిగిన వేళలు తీసేస్తే చాలు, మిగతాదంతా ఆమెకు అనుకూలంగానే ఉంది, ఎవరూ అడగరు. ఈశ్వరి ఒప్పుకోలేదు. "నాకు ఇష్టం లేనివి తీసేసుకుంటూ పోతే మిగిలేది నా ఇష్టమే సార్, నిజం కాదు" అంది. డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోతుందని ఆయన హెచ్చరించాడు. పోనీమంది.

మళ్లీ ట్రస్టు ముందుకు పోయి, గూడు సంగతీ దీపం సంగతీ ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. గది గదంతా నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా నిలబడి, "నవ్వినారు గదా, ఇంగ వినండి" అంది. "నా లెక్క చెడింది, నేనే ఒప్పుకుంటాండా. ఆ లెక్క నమ్మొద్దు. అట్లని స్లాబు కింద చల్లగా ఉంటాదని మీరు చూపించినారా? దానికి లెక్క యాడుండాది? మీ తరువాతి మీటింగు ఓబులేష్ ఇంట్లో పెట్టండి, మిట్టమధ్యాన్నం. పిల్లలు ఏండ్ల తరబడి ఉండాల్సిన తావులో మీరు ఒక పూట కూర్చోలేరా?"

మూల కుర్చీలో శెట్టిగారి తల్లి కన్యకమ్మ కూర్చుని ఉంది. స్థలం ఆమె పేరున ఉంది కాబట్టి ట్రస్టులో ఆమె పేరూ ఉంది. "నేను వస్తా" అందామె. ఇక మిగతావాళ్లకు తప్పుతుందా?

మే నెల మధ్యాహ్నం ఓబులేష్ ఇంట్లో మీటింగు మొదలైంది. కాసేపటికే కరెంటు పోయింది. భరత్‌కుమార్ ఫైలుతో విసురుకున్నాడు. లక్ష్మీపతి ఫోను వచ్చినట్టు నటిస్తూ బయటికి జారుకున్నాడు. శెట్టి చొక్కా ఒంటికి అంటుకుపోయింది, పెదవులు తడుపుకుంటూ ఏదో చదవబోయి ఆగిపోయాడు. అప్పుడు చూస్తే కన్యకమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

గాభరాగా వెతికితే, పక్కింట్లో కదిరమ్మ మిద్దెలో, ఉత్త నేల మీద చెంగు పరుచుకుని గుర్రు పెడుతోంది. పైకప్పుకు పెట్టిన వెలుతురు కంత గవాచిలోంచి ఒక వెలుగుముక్క ఆమె కాళ్ల దగ్గర పడుతోంది. కొడుకు లేపబోతే కళ్లు తెరవకుండానే కసిరింది: "మీ మీటింగు మీరు చూసుకోపోండప్పా. నన్ను ఈడ పండుకోనీ."

శెట్టి కూడా గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. లేచాక, "మన్ను వేద్దాంలేమ్మా" అన్నాడు.

"ఇది రుజువు కాదు శెట్టిగారూ. అవ్వ నిద్రపోయిందని నేను థీసిస్‌లో రాసుకోలేను" అంది ఈశ్వరి. ఒప్పుకున్న మనిషితోనూ గొడవే! "మళ్లీ కొలుస్తా. అంతదాకా పని నేను చెప్పిన వరసలో జరగాల. స్లాబు ఆరినంక ముందు మన్ను, ఆ వెనకే వరండా. మీ అద్దాలు వరండా ముందర, ఆఖరున."

భరత్‌కుమార్‌కు అది పెద్ద తేడాగా కనిపించలేదు. ఎప్పుడైనా అద్దాలు వస్తాయి గదా అని తల ఊపాడు.

మట్టి ఎక్కింది, పెంకులు పరిచారు, పడమట వరండా లేచింది. దాని ముందు వీధి వైపు అద్దాలు బిగించే వేళకు ప్రారంభోత్సవం తేదీ నెత్తి మీదికి వచ్చింది, అందరికీ ఓపిక అయిపోయింది. లక్ష్మీపతి చెమట తుడుచుకుంటూ, "అద్దాలు తర్వాత చూద్దాంలే" అన్నాడు. ఆ మాట కోసం ఎన్నేళ్లుగా కాచుకుని ఉందో ఈశ్వరికే తెలుసు. ఆ అద్దాలు ఇంతవరకు రాలేదు, ఇక రావు. ఈలోగా వచ్చిన ఎండాకాలమంతా కదిరమ్మ మిద్దెలో మిషను మళ్లీ కొలిచింది. కదిరమ్మ చెప్పులను వాకిట్లోకి మార్చింది గానీ మిషనును మేకు మీద నుంచి కదపలేదు. ఈసారి గీత ఎక్కడా ఎగరలేదు.

ప్రారంభోత్సవం రోజున అందరూ కింద శాలువాల సందడిలో ఉన్నారు. ఈశ్వరి పై అంతస్తులో చివరి గదికి పోయి తలుపు వేసుకుంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఫ్యాను వేయలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, ఫోను తీసి గోరంట్లకు కలిపింది.

"ఎలిజబెత్, పై అంతస్తులో కూర్చోనుండా. ఫ్యాను లేదు. చెమట కూడా పట్టల్యా."

"నువ్వు పదైదేండ్లు ఆలస్యం చేసినావు ఈశ్వరీ" అంది ఎలిజబెత్.

"నిజమే" అంటూ ఈశ్వరి ముక్కు ఎగబీల్చింది.

"సరేలే, ఏడవొద్దు" అంది ఎలిజబెత్. "నా పెద్దకూతురికి ఐదో క్లాసు అయిపోయింది. లెక్కలు నా మాదిరే చేస్తాది. వాళ్ల నాయన ఒద్దంటాండాడు. అయినా నేను పిలుచుకోనొస్తా. ఆ పైగదిలోనే మంచం పెట్టు."