వంతెన చర్చలో అమ్మ మాట ఎత్తకూడదట

మా తమ్ముడి కూతురు దుర్గకు వచ్చే వారం సివిల్స్ ఇంటర్వ్యూ. కోస్తాలో మా దీవికీ ఒడ్డుకీ మధ్యనున్న సముద్రపు పాయ మీద అంత ఖర్చు పెట్టి వంతెన కట్టాలా వద్దా అన్నది ఏళ్ల తరబడి తేలని సంగతి. సొంతూరు దీవి అని కాగితంలో కనిపిస్తే ఇంటర్వ్యూ బోర్డువాళ్లు అదే అడుగుతారట. అందుకని ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కోచింగ్‌కు చేరిన తెలుగు పిల్లలంతా ఆదివారం దాని మీదే చర్చ పెట్టుకున్నారు. "నువ్వు రా పెదనాన్నా, మనవాళ్లు ఒక్కరున్నా ధైర్యం" అంది.

పొద్దున ఎనిమిదింటికి నేనుండే నోయిడాలో మెట్రో బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో ఎల్లో లైన్‌కు మారి, జీటీబీ నగర్‌లో దిగాను. గంటన్నర ప్రయాణం. దారిలో యమున దాటుతాం. మోకాలి లోతు నీళ్లు కూడా ఉండని రోజుల్లో సైతం ఆ నదికి వరసగా వంతెనలే. వాటికి తలసరి ఖర్చు ఎంతని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఇరవై రూపాయలకు ఎక్కించుకున్న ఈ-రిక్షా అతను నా తెల్లజుట్టు చూసి, "అంకుల్‌జీ, ఈ వయసులో కోచింగా?" అన్నాడు. "ఇంకా పాస్ కాలేదు భయ్యా" అన్నాను.

చర్చ ఒక లైబ్రరీ మీది మేడగదిలో. నడిపే సారు గుంటూరు వైపు కుర్రాడు, బల్ల మీద గంట పెట్టుకున్నాడు. ఒకబ్బాయి లేచి, "అంత కొద్దిమందికి అంత ఖర్చా? ఒడ్డున ఇళ్లిచ్చి తరలిస్తే చవక" అన్నాడు. గదంతా తలలూపింది. దుర్గ లేచింది.

"గాలి లేస్తే ఒడ్డుకి దాటించే పంటు ఆగిపోద్ది సార్. మా అమ్మకి కడుపునొప్పి వచ్చిన రోజు..."

గంట మోగింది. "అమ్మ వద్దు తల్లీ, ఎమోషనల్ అనుకుంటారు. లబ్ధిదారులు అను. రెండు వైపులా చెప్పి మధ్యలో ఆగు."

ఆ పిల్ల, "లబ్ధిదారులకు వైద్యం అందడంలో జాప్యం జరుగుతోంది. అయితే ఆర్థిక భారాన్నీ పరిగణించాలి" అంది. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆ జాప్యం జరిగిన రోజు పంటు రేవులో దుర్గ వాళ్లమ్మ, అంటే మా మరదలి తల దగ్గర గొడుగు పట్టుకుని కూర్చున్నది నేనే.

"సార్, మధ్యలో ఆగడం మా పంటుకి బాగా వచ్చు. దానికి కోచింగ్ అక్కర్లేదు" అన్నాను.

"చూడ్డానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదు అంకుల్." మళ్లీ గంట.

కింద ఆంధ్రా మెస్సులో తొంభై రూపాయల భోజనం ముందు కూర్చున్నాక మరదలు ఫోన్ చేసింది. దుర్గ స్పీకర్‌లో పెట్టింది.

"వంతెన కావాలని చెప్పావా?"

"లబ్ధిదారులకు అవసరమని చెప్పానమ్మా."

"వాళ్లెవరే? మన దీవివాళ్లేనా?"

దుర్గ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "నువ్వేనమ్మా."

"మరి నా పేరు చెప్పకపోయావా."

ఫోన్ పెట్టేశాక దుర్గ మళ్లీ పప్పు కలిపింది. "బోర్డులో అమ్మ అనే చెప్తాను పెదనాన్నా. మార్కులు పోతే పోయాయి" అంది. ఆ మార్కుల కోసం నాలుగేళ్లు కిటికీ లేని గదిలో ఉంది పిల్ల.

వంతెనకు ఖర్చెక్కువ, నిజమే. వద్దనేవాళ్ల లెక్కలు కూర్చుని వింటాను. కానీ నీళ్లు దాటాల్సిన మనిషిని ముందే మాటల్లోంచి తీసేసి, తర్వాత దాన్ని చర్చ అంటే మాత్రం ఒప్పుకోను. ఇలాంటివి చూడ్డానికి ఎవరైనా వెళ్లొచ్చు, టికెట్ లేదు. ఒక్క సలహా: కాస్త ముందే వెళ్లి, గంటకు చెయ్యి అందే కుర్చీలో కూర్చోండి.