కొండ దారి మూయించినవాడు

ఊరికి ఉత్తరాన ఉన్న కొండకు ఏడువందల పన్నెండు మెట్లు. వాటిలో సగానికి పైగా ఒక్క మనిషి చేతి మీదుగా లేచినవే. అతని పేరు ఎవరూ అడగలేదు. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్లందరికీ అతను మెట్లాయన. స్వతహాగా రాతి మేస్త్రీ. ఇరవై ఆరేళ్లుగా ఆ దారి బాగోగులు చూసే ఉద్యోగం. కదిలిన రాయిని సర్దడం, వానకు జారిన మట్టిని ఎత్తిపోయడం, ఊరంతా కనబడేలా శిఖరాన కట్టిన అరుగు చుట్టూ కమ్మీలకు రంగు వేయడం అతని పని. "నా మోకాళ్లు అరిగాయి గానీ మెట్లు అరగలేదండీ" అని నవ్వేవాడు.

ఆదివారాల్లో భార్య కూడా వచ్చేది. లాండ్రీలో ఇస్త్రీ పని ఆమెది. వారమంతా ఆవిరిలో నిలబడే మనిషికి ఆ పైగాలే సెలవు.

ఒక వానాకాలం అరుగు వెనక నేల మీద వెంట్రుకంత బీట కనబడింది. దానికి అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించాడు. నేల కదిలితే గాజు పగులుతుంది. పాత మేస్త్రీల పరీక్ష అది. నాలుగో రోజుకే పగిలింది. మరొకటి అతికించాడు. అదీ పగిలింది.

కాగితం రాసి ఆఫీసులో ఇచ్చాడు. గుమాస్తా చదివి సొరుగులో పెట్టి, జనానికి లేనిపోని భయాలు పెట్టొద్దన్నాడు. ఈ ఉద్యోగం వేయించిన బావ ఇంటికొచ్చి మరీ చీవాట్లు పెట్టాడు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ని కథల్లో విన్నాను గానీ మా చెల్లెలి మొగుడే అవుతాడనుకోలేదన్నాడు.

బావ వెళ్లాక భార్య అడిగింది. "నిజంగా పడిపోతుందంటారా?"

"ఎప్పుడంటే చెప్పలేను. కదులుతోంది. నాకు తెలిసింది అంతే."

అయిదో గాజు పగిలిన పొద్దున ఒక బడి నుంచి అరవైమంది పిల్లలు వచ్చారు. అతను పై మెట్టుకు అడ్డంగా కూర్చున్నాడు. పంతులమ్మ బతిమాలింది, కోప్పడింది, చివరికి ఆఫీసుకు ఫోన్ చేసింది. అధికారి ఇంజనీరును వెంటబెట్టుకుని రొప్పుతూ ఎక్కొచ్చాడు. ఇంజనీరు గొంతుకూర్చుని బీటలో వేలు పెట్టాడు. రెండో కణుపు దాకా దిగింది. మధ్యాహ్నానికల్లా కొండ ఖాళీ అయింది. వారం తిరక్కుండా కింద ఇనపగేటు లేచింది.

బాగుచేస్తారనే అనుకున్నాడు మెట్లాయన. అడ్డుగోడ ఎలా కట్టాలో కాగితం మీద గీసి పట్టుకెళ్లాడు. ఇంజనీరు ఓపిగ్గా విన్నాడు.

"మీరు చెప్పింది తప్పు కాదు మేస్త్రీ గారూ. కానీ గోడకు పట్టు దొరకాలంటే లోపల గట్టి రాయి ఉండాలి కదా. లేదు. ఇంక తెరవరు."

అతన్ని బస్సు డిపోకు మార్చారు. ఆవరణ కడగడం, చెత్త ఎత్తడం. ఏళ్ల తరబడి రోజూ పలకరించిన నడక పెద్దమనిషి ఒకాయన కొట్టు దగ్గర ఎదురై మొహం తిప్పుకున్నాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. అరుగు పడలేదు. ఉత్త పుణ్యానికి దారి మూయించాడని ఊళ్లో అనుకోసాగారు. ఒకరోజు డిపోలో డ్రైవరొకడు అడిగాడు. "మేస్త్రీ, ఈ గోడకేమైనా బీట కనబడిందా? చెప్పు, మాకూ సెలవు దొరుకుతుంది." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

వాన పట్టిన రోజుల్లో చీపురు ఆపి కొండవైపు చూస్తూ నిలబడేవాడు. ఇంటికొచ్చినా కిటికీ దగ్గరే. భార్య ఓ సాయంత్రం బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా అడిగింది.

"అది పడిపోవాలని కోరుకుంటున్నారా?"

"కోరుకోకూడదనే చూస్తున్నాను" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన సెలవునాడు ఆమెకు చెప్పకుండా వెళ్లి, గేటు పక్క కంచె సందులోంచి దూరాడు. వందో మెట్టు దాటాక దారి లేదు. చెట్ల వేళ్లు రాళ్లను ఎత్తేశాయి, పొదలు కమ్మేశాయి. పక్కకు ఒరిగిన ఒక రాయిని ఉత్త చేతులతో సర్దబోయాడు. అది కదల్లేదు. గోళ్లు చీలాయి. కాసేపు దాని పక్కనే కూర్చుని దిగొచ్చాడు. వేళ్లకు ఏమైందని భార్య అడిగితే డిపోలో రేకు గీరుకుందన్నాడు.

అప్పటినుంచి ఏం పని చేస్తావని కొత్తవాళ్లు ఎవరడిగినా, డిపోలో ఊడుస్తానని మాత్రమే చెప్పేవాడు.