పద్మదళాల పేకబల్ల

తిరుమల కొండ మీద ఏటేటా బ్రహ్మోత్సవాలు వచ్చి వెళుతూ, అలిపిరి పాదాల దగ్గర తెల్లవారకముందే కొబ్బరికాయలు పగులుతూ, యుగాల గణితం ఎరిగిన కాలపురుషుడు ఏ ఒక్క మనిషి కోసమూ అడుగు నెమ్మదించక సాగిపోతూ ఉండగా, ఆ కాలాన్ని ముప్పయ్యెనిమిదేళ్లుగా ఉలిదెబ్బలతో తప్ప మరే కొలతతోనూ కొలిచి ఎరుగని దామోదరాచారి, తన అరవై రెండవ ఏట, పేకముక్క ముట్టని చేతులతో, కన్నకొడుకు కోసం ఒక పేకాట బల్ల చేయడానికి పూనుకున్నాడు.

పౌరోహిత్యం చేసుకునే మా ఇంటి గోడకు అవతలిదే ఆయన ఇల్లు. ముందు వసారాలోనే పని. తిరుపతిలో కొత్తగా లేచిన ఇళ్లకు పూజామందిరాలు చేయడం ఆయన వృత్తి. మందిరం ఎంత చిన్నదైనా, పీఠానికి పద్మదళాలు చెక్కకుండా గడప దాటనిచ్చేవాడు కాదు. ఒక్కగానొక్క కొడుకు మునికుమార్ రేణిగుంటలోని ఒక గోదాములో పని చేసేవాడు. ఆ ఉద్యోగం పోయిన నాటి నుంచి గది తలుపు మూసుకుని ఫోనులో పోకర్ ఆడుతూ ఉండిపోయాడు. అన్నం కంచం లోపలికి వెళ్లేది, ఖాళీ కంచం బయటికి వచ్చేది, మనిషి మాత్రం వచ్చేవాడు కాదు. నాలుగు నెలలపాటు ఆ ఇంట్లో అతని నవ్వు వినబడలేదు.

ఒకనాడు తండ్రి ఆ గది గడప మీద కూర్చుని అడిగాడు.

"ఎవురితో ఆడతా ఉండావురా?"

"తెలీదు నాయనా. పేర్లుంటాయి, అంతే."

"మొగాలు కనపడవా?"

"కనపడవు."

"మొగం సూడకుండా ఆడేది ఏం ఆటరా అది!"

కొడుకు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "నిజానికి అది మొగం సూసి ఆడే ఆటే నాయనా. బల్ల సుట్టూ కూసోని, ఎదుటోని కండ్లు సూసి ఆడతారు."

తండ్రి ఆ మాటను పట్టుకున్నాడు. బల్ల ఎలా ఉంటుందో గడప మీద నుంచే ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నాడు. కోడిగుడ్డు ఆకారం, నడుమ పచ్చని బట్ట, చుట్టూ మోచేతులు ఆనించుకోవడానికి వెడల్పాటి కొయ్య అంచు. కొడుకు అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందోనని తల్లి మునిలక్ష్మి వంటింట్లో కళ్లు తుడుచుకుంది. గాంధీరోడ్డులో మూడు అంగళ్లు తిరిగి పచ్చటి మఖమలు తెచ్చింది. పందేనికి డబ్బు వద్దని, చింతగింజలు కడిగి ఎండబెట్టింది.

నాకు మనసొప్పలేదు. "ఆచారీ, జూదం నలుగురిలో ఆడినా జూదమే కదా?" అన్నాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. "ఆడేదానికి కాదు సామీ. కూసునేదానికి."

అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

ఇరవై రోజులకు బల్ల సిద్ధమైంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు కుర్చీలు వేశారు. నాలుగో మనిషిగా ఎదురింటి దేవకమ్మను పిలిచారు. ఆమె గుడివీధుల్లో పూలమ్ముకునే మనిషి. "నాకు పూలు కట్టేది తప్ప ఏమీ రాదబ్బా. ఓడిపోతే మూరెడు కనకాంబరాలిస్తా, అంతే" అంటూ వచ్చి కూర్చుంది. మునికుమార్ కూడా ఫోను చొక్కా జేబులో వేసుకుని గది దాటి వచ్చాడు.

దేవకమ్మ మోచేయి ఆనించబోయి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది. వేళ్లతో అంచును తాకి కళ్లకద్దుకుంది. బల్ల అంచు పొడుగునా ఇరవై నాలుగు పద్మదళాలు విచ్చుకుని ఉన్నాయి. మునిలక్ష్మి నాలుగు దిక్కులా పసుపు రాసి కుంకుమ బొట్లు కూడా పెట్టింది.

"దామోదరన్నా, దీని మింద మోచెయ్యి ఎట్ల పెట్టేది? పాపం తగల్దా? ఇంగ గంట గూడా కట్టు, ఆరతి పళ్లెం నేను తెస్తా!"

మునికుమార్ నవ్వాడు. నాలుగు నెలల తరువాత, గోడ ఇవతల ఉన్న నాకు కూడా వినబడేలా నవ్వాడు.

"నాయనా, నిన్ను పోకర్ బల్ల సెయ్యమంటే పీఠం సేసినావే!"

"సెయ్యి దానంతట అదే పోయిందిరా."

"సర్లే. ఆ రేకులు తీసెయ్. వచ్చే ఆదివారం కూసుంటా. అందురికీ నేనే నేర్పిస్తా."

మర్నాడు ఉదయం దామోదరాచారి నా దగ్గరికి వచ్చాడు. చెక్కేటప్పుడు మంచిరోజు చూస్తాము కదా, పద్మాన్ని తీసివేయడానికి ఏ రోజు మంచిదని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక తాను చెక్కిన పద్మాన్ని తానే చెరిపినవాడు కాడు. నేను పంచాంగం తెరిచాను. ఆ రోజు అష్టమి. మరునాడు నవమి, పైగా మంగళవారం. ఆ తరువాత అమావాస్య దాకా క్షీణచంద్రుడు. అమావాస్య వెళ్లాక, విదియ బుధవారం ప్రశస్తమని చెప్పాను. నడుమ ఒక ఆదివారం ఉన్నదని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ ఆదివారం మునికుమార్ పిలవకుండానే వచ్చాడట. తల దువ్వుకుని, కొత్త పేకకట్ట చేత పట్టుకుని వచ్చాడట. అంచు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఇంకా ఉండాయే నాయనా."

"బుధవారం తీసేస్తాలేరా. సామి దినం సూసి చెప్పినాడు."

"ఓ... సరే."

పేకకట్ట బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్లిపోయాడు. సోమవారం పొద్దున, రేణిగుంటలో పని అడిగి వస్తానని చెప్పి బస్సెక్కాడు. మధ్యాహ్నానికి ఫోను మూగబోయింది. తండ్రి గోదాములో అడిగి, రేణిగుంట స్టేషనులో ప్లాట్‌ఫారాలన్నీ వెతికి, దీపాలు పెట్టే వేళకు ఒంటరిగా తిరిగి వచ్చాడు.

ఆ సంధ్యలో గోడ అవతల చిత్రికపట్టే చప్పుడు మొదలైంది. వెళ్లి చూశాను. ఒక్కొక్క దళమే పొట్టుగా రాలిపోతున్నది. మునిలక్ష్మి ఆ పొట్టును కొంగులోకి ఎత్తుకుంటున్నది. ఆనాడు అమావాస్య. ఆయన దినం అడగలేదు, నేను చెప్పలేదు. ఏనాడో చెప్పవలసిన మాట, "ఈ క్షణమే తియ్యి ఆచారీ" అన్న మాట, ఆనాటికి పనికిరాకుండా పోయింది.

నాలుగో రోజున తండ్రి ఫోనుకు ఒక్క సందేశం వచ్చింది. బాగుండాను నాయనా, నన్ను ఎతకద్దండి అని. ఆ తరువాత ఆ నంబరు పలకలేదు. ఇది పదకొండవ మాసం.

ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ కూర్చుంటారు. నునుపైన అంచు మీద మోచేతులు ఆనించి దేవకమ్మ ఉడకబెట్టిన చెనక్కాయలు వలుస్తుంది. నేనూ ఒక కుర్చీ తెచ్చుకుని కూర్చుంటాను. చింతగింజలు గిన్నెలో ఉంటాయి. పేకకట్ట మీది కాగితం ఇంకా చించలేదు. ఆట మాలో ఎవరికీ రాదు. నేర్పుతానన్నవాడి కుర్చీ గది తలుపుకు ఎదురుగా ఖాళీగా ఉంటుంది. వీధిలో ఆటో ఆగితే నలుగురమూ ఒక్కసారే అటు చూస్తాము.

ఏడుకొండలవాడా, తిథి చూసి ఆలస్యం చేసినవాడిని నేను. ఆ భారాన్ని నా మీదనే ఉంచి, ఆ ఇంటిని చల్లగా చూడు. దామోదరాచారి చేతిలోని ఉలి తడబడకుండుగాక. మునిలక్ష్మి వండిన అన్నం మూడు కంచాలలో వేడిగా వడ్డింపబడుగాక. ఏ వారమైనా, ఏ తిథియైనా, రాహుకాలమే అయినా, ఆ బిడ్డ గడపలో కాలు మోపిన ఘడియే ఆ ఇంటికి శుభముహూర్తమగుగాక.