ఖాళీ సంచిని తూయించిన వీఆర్వో గారు

గురువారం పొద్దున్నే వీఆర్వో గారి కూతురు ఫోన్ చేసింది. "నాన్నగారు పోయేరండీ. పేపర్లో వేస్తే వయసు సరిగ్గా వెయ్యండి, తప్పు పడితే ఆయన ఊరుకోరు" అంది. డెబ్బై ఒకటి. మళ్లీ అడిగి రాసుకున్నాను.

మలికిపురం చుట్టుపక్కల గ్రామ రెవెన్యూ అధికారిగా చేసి, పదకొండేళ్ల కిందట రిటైరయ్యారు. చాలామందికి ఆయన నిదానస్తుడిగానే గుర్తు. ఆదాయ ధ్రువపత్రమైనా సరే, పూర్తిగా చదవందే సంతకం పెట్టేవారు కాదు. "ఆయన దగ్గరికైతే టిఫిన్ చేసి మరీ వెళ్లండి బాబూ" అని రైతులు నవ్వుకునేవారు.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. పాత గంజాయి కేసు ఒకటి చెప్పారు. పోలీసులు సరుకు పట్టుకున్నప్పుడు సోదా, తూకం, సీలు తమ కళ్లెదుటే జరిగాయని చెప్పడానికి ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లను మధ్యవర్తులంటారు. తరచూ వీఆర్వోలనే పిలుస్తారు. ఆ కేసులో ఈయన ఏమీ చూడకుండా, ఆఫీసు బల్ల దగ్గరే సంతకం పెట్టేశారు. సీలు ఏ రంగు లక్కతో వేశారని కోర్టులో లాయరు అడిగితే చెప్పలేకపోయారు. కేసు కొట్టేశారు. ముద్దాయి అప్పటికే రెండేళ్లు జైల్లో ఉన్నాడు.

"తప్పు చేసినోణ్ణి వదిలించేనో, చెయ్యనోణ్ణి రెండేళ్లు కూర్చోబెట్టేనో నాకు తెలీదండీ. చూసుంటే తెలిసేది" అన్నారు.

ఆయన చూడటమేమిటో నేను కొబ్బరికాయల లారీ కేసులో చూశాను. వానలు పడుతున్న రోజులు. కాయల కింద రెండు గోనె సంచుల్లో గంజాయి దొరికిందని, ఇరవై ఒక్క కిలోలని ఎస్సై ఫోన్లో చెప్పగానే వార్త పంపేసి అక్కడికి వెళ్లాను. నలభై ఏళ్ల డ్రైవరు లారీ చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మధ్యవర్తుల నివేదిక అప్పటికే టైపయి ఉంది. వీఆర్వో గారు చదవడం మొదలుపెట్టారు.

"ఒళ్లు వెతికే ముందు, గెజిటెడ్ అధికారి ఎదురుగా గానీ మేజిస్ట్రేటు ఎదురుగా గానీ వెతకమని అడగొచ్చని ఇతనికి చెప్పినట్టు రాసేరు. చెప్పేరాండీ?"

"ఇంకా వెతకలేదుగా. ఇప్పుడు చెప్తాం లెండి" అన్నాడు ఎస్సై. చెప్పి, డ్రైవరు జవాబు రాయించాడు.

తర్వాత తూకం దగ్గర ఆగారు. "సంచులు తడిసున్నాయండీ. ఖాళీ చేసి విడిగా తూయిద్దాం."

"ఏంటి వీఆర్వో గారూ, కురిడీ కొబ్బరి గానీ కొంటున్నారా?" అన్నాడు ఎస్సై.

"ఆయ్, కురిడీలు కొన్నా సంచి బరువు తీసేస్తామండీ. ఇక్కడ పదేళ్ల జైలు తూస్తున్నాం."

గంజాయి ఇరవై కిలోలు దాటితే చట్ట ప్రకారం పదేళ్లకు తగ్గని శిక్ష. బెయిలు రావడం చాలా కష్టం. దాటకపోతే ఎంత శిక్షో తేల్చే వీలు జడ్జికి ఉంటుంది. సరుకును టార్పాలిన్ పట్టా మీద పోసి, పక్క కురిడీ కొట్టు నుంచి తెచ్చిన కాటా మీద సంచులు విడిగా, సరుకు విడిగా తూచారు. సరుకు పందొమ్మిదిన్నర. ఎస్సై మొహం మాడ్చుకున్నాడు గానీ నివేదిక మళ్లీ టైపు చేయించాడు.

"తమరెంత రాసేరండీ?" అని వీఆర్వో గారు నన్నడిగారు.

"ఇరవై ఒకటండీ. ఎస్సై గారు చెప్పేరు."

"తమరు చూసేరా?"

డెస్కుకి ఫోన్ చేసి అంకె మార్పించాను.

సంచుల సంగతి తనకు తెలియదన్న డ్రైవరు మాట కోర్టు నమ్మలేదు. మూడేళ్ల శిక్ష పడింది. "గంజాయోణ్ణి కాపాడేరంట కదా" అని ఊళ్లో ఎవరో దెప్పితే, "ఆడు చేసిందానికి పడిందండీ. తడిసిన గోనెకి పడలేదు, అంతే" అన్నారట.

ఆ రోజు జరిగిందొకటి నేను వార్తలో రాయలేదు. అంకె తేలాక, సంతకానికి ముందు, వీఆర్వో గారు డ్రైవరును పిలిచారు. "ఇలా రా నాయనా. నువ్వూ చూసుకో." అప్పటిదాకా తల ఎత్తని మనిషి లేచాడు. ఎస్సై పక్కకు జరిగి దారిచ్చాడు. డ్రైవరు తడి చేతులు లుంగీకి తుడుచుకుని, కాటా మీదికి వంగి, అంకెను పైకి చదివాడు. రెండోసారి చదివాడు. అప్పుడు వీఆర్వో గారు పెన్ను మూత తీశారు.